ఇంట్లో కట్టుకునే విమానానికి రేకు ఫెయిరింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెక్క ఫ్యూజలేజ్‌ని (విమానం మొండేన్ని) కలిసే మూల, గేర్ కాలు (చక్రాన్ని మోసే కాలు) పొట్టలోకి దూరే చోటు, తోక రెక్కల మొదళ్ళు: సొంతంగా విమానం కట్టేవాళ్ళు ఫెయిరింగు (గాలి సాఫీగా జారిపోయేలా కప్పే తొడుగు) చేసుకోవాల్సి వచ్చేది ఎక్కువగా ఇక్కడే. అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్ (సొంతంగా కట్టుకునే విమానాల వర్గం) కింద కడుతున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. కొలతలు అంగుళాల్లోనే ఇచ్చాం. డ్రాయింగులూ రేకులూ స్క్రూలూ అన్నీ అక్కడ అంగుళాల్లోనే దొరుకుతాయి.

ఫైబర్‌గ్లాస్‌తో అయిపోయేదానికి రేకు ఎందుకు?

చాలా చోట్ల ఫైబర్‌గ్లాసే సరైనది. వ్యాన్స్ ఆర్‌వీ కిట్లలో కౌలింగు (ఇంజిన్ తొడుగు), చక్రాల తొడుగులు, రెక్క చివరలు ఫైబర్‌గ్లాస్‌తోనే వస్తాయి. అచ్చు ఒకసారి చేసి వంద ముక్కలు తీసేవాళ్ళకు అదే లాభం. మీకు కావలసింది ఒక్క ముక్క, అదీ మీ విమానానికి మాత్రమే సరిపోయే ముక్క అయితే లెక్క మారుతుంది. అచ్చు చేసే శ్రమ తప్పుతుంది, రెజిన్ వాసన ఉండదు, సొట్ట పడితే వెనక నుంచి కొట్టి తీసేయొచ్చు. రంగు వేయకుండా మెరుగుపెట్టి వదిలే విమానానికైతే రేకు తప్ప వేరే దారి లేదు. బరువు కూడా భయపడేంత ఉండదు. 0.032 అంగుళం అల్యూమినియం రేకు చదరపు అడుగుకి సుమారు 205 గ్రాములు తూగుతుంది.

ఏ రకం రేకు, ఎంత మందం?

రెండు వైపులా వంపు తిరిగే ముక్కలకు 3003 అనే అల్యూమినియం మిశ్రమం. దొరికితే 3003-ఓ (పూర్తిగా మెత్తబరచింది), లేకపోతే 3003-హెచ్14 (సగం గట్టిది) కొని మీరే కాల్చి మెత్తబరుచుకోండి. లోతు తక్కువైతే 0.032, లోతైన వాటికి 0.040. సాగదీసిన చోట రేకు పలచబడుతుంది కాబట్టి పూర్తయ్యాక ఉండాల్సిన మందం కంటే ఒక మెట్టు పైన మొదలుపెట్టాలి.

1100-ఓ ఇంకా మెత్తన, వెన్నలా పనిచేస్తుంది. కానీ హ్యాంగర్‌లో ఎవరి మోకాలు తగిలినా సొట్టే. 5052-ఓ బలంగా ఉంటుంది, అదురుకు బాగా తట్టుకుంటుంది. అయితే కొట్టిన కొద్దీ తొందరగా గట్టిపడుతుంది, ఎక్కువసార్లు కాల్చాల్సి వస్తుంది. ఇంజిన్ దగ్గరగా, అదురు ఎక్కువున్న చోట ఆ శ్రమ పడటం మేలు.

ఒకే దిశలో వంగే ముక్కలకు, అంటే రెక్క మొదట్లో పొడవుగా పరిచే పట్టీల్లాంటి వాటికి, మిగిలిన 2024-టీ3 ముక్కలే చాలు.

2024-టీ3నే కొట్టి మలచకూడదా? కాల్చితే మెత్తబడదా?

వద్దు. 2024-టీ3కి స్ప్రింగు గుణం ఎక్కువ. కొద్దిపాటి ఉబ్బు ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల మధ్య రేకును నడిపి వంపు తెచ్చే యంత్రం) మీద తెప్పించవచ్చు, అంతకు మించితే అంచు నుంచి పగులుతుంది. వేడితో బలం తెప్పించిన మిశ్రమం అది. టార్చితో అక్కడక్కడా కాల్చితే బలమూ పోతుంది, తుప్పును తట్టుకునే శక్తీ పోతుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు. 6061-టీ6 విషయమూ దాదాపు ఇంతే. 1100, 3003, 5052 అలా కాదు. వాటి గట్టిదనం కొట్టడం వల్ల, రోలింగు వల్ల వచ్చిందే, కాబట్టి కాల్చితే పోతుంది, కొడితే మళ్ళీ వస్తుంది.

పనిముట్లు ఎన్ని కొనాలి?

మొదటి ఫెయిరింగుకి ఇంగ్లిష్ వీల్ అక్కర్లేదు. నున్నటి ముఖం ఉన్న ప్లాస్టిక్ లేదా కొయ్య సుత్తి ఒకటి, ఇసుక గట్టిగా కుక్కిన తోలు సంచి, ఉబ్బెత్తు ముఖం ఉన్న రెండు మూడు డాలీలు (రేకు కింద ఆన్చే ఇనుప దిమ్మెలు), చదును చేయడానికి స్లాపర్, కుడి ఎడమ రేకు కత్తెరలు, ఆకురాళ్ళు. వీటితో పాటు చేతి లివరుతో నడిచే ష్రింకర్-స్ట్రెచర్ (రేకు అంచును కుదించేది, సాగదీసేది) జత. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే ఈ జత మీద పెట్టండి. వీల్‌ని ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టేవాళ్ళ సంఘం) చాప్టర్‌లో ఎవరిదగ్గరైనా అరువు అడగొచ్చు, అది కావలసింది చివరి నునుపుకే.

సుత్తి ముఖం మీద గీత ఉంటే ప్రతి దెబ్బకీ అదే గీత రేకు మీద అచ్చవుతుంది. పని మొదలుపెట్టే ముందు 400 నంబరు కాగితంతో రుద్దండి.

ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ కుదించాలో ముందే ఎలా తెలుస్తుంది?

ఈ పనికి అసలు కీలకం ఇదే. చాలా ముక్కలు చెత్తబుట్టలోకి పోయేది సుత్తి సరిగా తిప్పలేక కాదు, సాగదీయకూడని చోట సాగదీసినందుకు.

గట్టి బ్రౌన్ పేపర్ తీసుకోండి. ఫెయిరింగు రావలసిన ఆకారం మీద (బక్ మీద, అంటే ఆకారం సరిచూసుకునే కొయ్య చట్రం మీద గానీ, విమానం మీద మట్టితోనో ఫోముతోనో చేసిన నమూనా మీద గానీ) పరిచి అయస్కాంతాలతోనో టేపుతోనో పట్టించండి. కాగితం సాగదు, కుదించుకుపోదు, కాబట్టి అబద్ధం చెప్పదు. ముడతలు పడిన చోట రేకు కుదించుకుపోవాలి. కాగితం బిగుసుకుని కిందికి దిగనంటున్న చోట రేకు సాగాలి. అక్కడ కత్తిరిస్తే విచ్చుకున్న ఖాళీ ఎంతో, సాగాల్సిందీ అంతే. ముడతలున్న చోట్లలో అడ్డగీతలు, విచ్చుకున్న చోట్లలో నిలువుగీతలు మార్కరుతో గీసి అదే గుర్తులను రేకు మీదికి ఎక్కించండి.

ఆకారాలు రెండే రకాలు. గిన్నెలా ఉబ్బింది ఒకటి: మధ్య సాగాలి, లేదా అంచు కుదించుకుపోవాలి. జీనులా ఒక దిశలో పైకి, మరో దిశలో కిందికి వంగింది రెండోది: అంచు సాగాలి, లేదా మధ్య కుదించుకుపోవాలి. మూలల్ని కప్పే ఫెయిరింగులు ఎక్కువగా రెండో రకం. కొత్తవాళ్ళు మాత్రం అలవాటుగా ఇసుక సంచి మీద మధ్యలో కొడతారు. జీను ఆకారానికి అది సరిగ్గా ఎదురు పని.

బక్ తప్పనిసరా?

రెండు వైపులకూ ఒకటికొకటి అద్దంలో బింబంలా రావాలంటే అవసరం. ప్లైవుడ్ పలకలను 2 అంగుళాలకొకటి నిలబెట్టి చేసిన బక్ చాలు. బక్ మీద పెట్టి కొట్టకూడదు. అది కొలిచి చూసుకోవడానికే. ఒక్క ముక్కకైతే విమానమే బక్. కాకపోతే ఫ్యూజలేజ్ రేకు మీద మందపాటి టేపు రెండు పొరలు వేసి మొదలుపెట్టండి.

మెత్తబరచడం ఎలా? కరిగిపోతుందని భయం.

భయం సమంజసమే. అల్యూమినియం ఎర్రబడదు. మామూలుగా ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా చిల్లు పడుతుంది. 3003 సుమారు 415 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, 1100, 5052 అయితే 345 దగ్గర. 3003 కరగడం మొదలయ్యేది 640 దాటాక. అంటే మధ్యలో రెండు వందల డిగ్రీలకు పైగా చోటు ఉంది, కంటికి కనిపించే గుర్తు మాత్రం లేదు. ఆ గుర్తును మనమే పెట్టుకోవాలి.

ఆక్సిజన్ మూసి అసిటిలిన్ ఒక్కటే వెలిగించి రేకు మీద పలచగా మసి పట్టించండి. తర్వాత ఆక్సిజన్ తెరిచి, మంటను మెత్తగా, వెడల్పుగా ఉంచి, చేతిని ఆపకుండా ఊపుతూ వేడి చేయండి. మసి కాలిపోయి రేకు తెల్లగా కనిపించగానే మంటను పక్కకు జరపండి. మసి పోయిన చోట రెండోసారి మంట ఆగకూడదు. అసిటిలిన్ లేనివాళ్ళు పర్మనెంట్ మార్కరుతో గీతలు గీసి ప్రొపేన్ టార్చితో అవి మాసిపోయేదాకా వేడి చేస్తారు. చిన్న ముక్కలకు సరిపోతుంది. పెద్ద ముక్కకు ప్రొపేన్ వేడి చాలదు, ఒక పక్క కాలుతుంటే మరో పక్క చల్లారిపోతుంది.

నీళ్ళలో ముంచినా గాలికి ఆరనిచ్చినా ఈ మూడు మిశ్రమాలకు తేడా లేదు. ముంచితే తొందరగా చేత్తో పట్టుకోవచ్చు, అంతే.

మళ్ళీ ఎప్పుడు కాల్చాలో చెవే చెబుతుంది. మెత్తటి రేకు మీద దెబ్బ మొద్దుగా పడుతుంది. సుత్తి ఎగరడం, చప్పుడు ఖంగుమనడం మొదలైతే ఆపేయాలి. పెంబర్తి ఇత్తడి పనివాళ్ళకు ఇదేమీ కొత్త సంగతి కాదు. కొట్టీ కొట్టీ బిగుసుకున్న రేకును కాల్చి మళ్ళీ కొట్టడం లోహపు రేకు పని ఎక్కడున్నా ఉన్నదే.

గేర్ కాలు పొట్టను కలిసే చోట గంటలా విచ్చుకున్న ఫెయిరింగు కావాలి. ముక్కు దగ్గర ఎప్పుడూ పగులుతోంది. ఎందుకు?

లెక్క వేస్తే తెలిసిపోతుంది. కాలి తొడుగు ముక్కు (గాలికి ఎదురుగా ఉండే ముందు అంచు) 1 అంగుళం వ్యాసార్ధంతో గుండ్రంగా ఉందనుకోండి. దాని చుట్టూ 3/4 అంగుళం వ్యాసార్ధంతో విచ్చుకోవాలి. లోపలి అంచు (గొంతు) అర్ధవృత్తం 3.1 అంగుళాలు. బయటి అంచు వ్యాసార్ధం 1.75, కాబట్టి అక్కడ అర్ధవృత్తం 5.5 అంగుళాలు. గొంతు కొలతతో రేకు కోసి బయటికి విప్పుకుంటూ పోతే అంచు సుమారు 75 శాతం సాగాలి. 3003-ఓ తెగకుండా సాగేది సుమారు 30 శాతం, హెచ్14 అయితే 8 శాతం దగ్గరే. పగలకపోతేనే ఆశ్చర్యం.

పరిష్కారం మధ్య కొలతతో మొదలుపెట్టడం. ముక్కు భాగాన్ని విడి ముక్కగా 4.3 అంగుళాల పొడవుతో కోయండి. గొంతు వైపు 3.1కి కుదించాలి, బయటి వైపు 5.5కి సాగదీయాలి. రెండు వైపులా మార్పు 28 శాతం దగ్గర వస్తుంది. ఇది కూడా హద్దుకు దగ్గరే, అందుకే మధ్యలో కాల్చక తప్పదు. వరస ఇలా ఉంటుంది:

1. 0.040 3003-ఓ ముక్కను కొలతకు రెండు వైపులా అర అంగుళం ఎక్కువగా కోసి, అంచులన్నీ ఆకురాయితో లాగి 320 కాగితంతో నున్నగా రుద్దండి. కత్తెర వదిలిన పంటిగాట్లలోంచే పగులు మొదలవుతుంది.
2. ముక్కను గొట్టం మీద చేత్తో యూ ఆకారంలో వంచండి.
3. గొంతు అంచును ష్రింకర్‌లో పెట్టి ఒక కొస నుంచి మరో కొసకి తేలికపాటి నొక్కులతో పోనివ్వండి. ఒకే చోట పదిసార్లు నొక్కితే ముడత మడతపడుతుంది. మడతపడిన ముడత తిరిగి రాదు.
4. ముక్కను తిప్పి బయటి అంచుకి స్ట్రెచర్. అంచు బయటికి వాలడం మొదలవుతుంది.
5. ఉబ్బెత్తు డాలీ మీద పెట్టి గొంతుకీ అంచుకీ మధ్య ఉన్న వంపును కొయ్యసుత్తితో నున్నగా దింపండి.
6. కాల్చండి. 3, 4, 5 మళ్ళీ చేయండి. రెండు మూడు విడతల్లో కొలతకు వస్తుంది.
7. పక్క ముక్కలు దాదాపు తిన్ననివే, సులువుగా వస్తాయి. వాటిని ముక్కుకి వెల్డ్ చేసి, అప్పుడు అదనపు అర అంగుళం కోసేయండి.

అదనపు అంచును ముందే కోసేయకండి. ష్రింకర్, స్ట్రెచర్ దవడల పంటిగుర్తులు పడేది ఆ పట్టీలోనే, కోసేస్తే గుర్తులూ దానితోనే పోతాయి. పూర్తయ్యాక బయటి అంచు దగ్గర రేకు 0.031 దాకా పలచబడి ఉంటుంది. 0.025తో మొదలుపెట్టినవాళ్ళకి అక్కడ మిగిలేది 0.020 లోపే.

ఇంత అవసరమా అనిపిస్తే విచ్చుకునే వ్యాసార్ధాన్ని తగ్గించుకోండి. గేర్ కాలు దగ్గర అర అంగుళం చాలామందికి సరిపోతుంది.

రెక్క మొదట్లో ఎంత వ్యాసార్ధం పెట్టాలి?

వాడుకలో ఉన్న లెక్క రెక్క వెడల్పులో 4 నుంచి 8 శాతం. 50 అంగుళాల వెడల్పుంటే 2 నుంచి 4 అంగుళాలు. ముందు అంచు దగ్గర చిన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ పెరగాలి. రెక్క పైభాగం వెనక సగంలో గాలి నెమ్మదిస్తుంది, పక్కన ఫ్యూజలేజ్ గోడ కూడా ఉండటంతో ఆ మూలలో గాలి ఉపరితలాన్ని వదిలేసి సుడులు తిరుగుతుంది. 1930ల మొదట్లో కాల్‌టెక్ విండ్ టన్నెల్‌లో నార్త్రప్ ఆల్ఫా రెక్క మొదళ్ళ మీద చేసిన పని దీని గురించే. తోక అదరడానికి కారణం ఆ మూలే అని తేలి, పూత పూసినట్టు నిండిన ఫిల్లెట్లు (మూలను గుండ్రంగా నింపే ఫెయిరింగులు) వాడుకలోకి వచ్చాయి.

మూల లంబకోణంగా ఉంటే పెద్ద ఫిల్లెట్ వల్ల ఒరిగేది తక్కువ. రెక్కకీ ఫ్యూజలేజ్‌కీ మధ్య కోణం ఇరుకైనప్పుడు, పొట్ట గుండ్రంగా లోపలికి తిరిగినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

ఇంగ్లిష్ వీల్ మీద రేకంతా గీతలు పడుతున్నాయి.

ఒత్తిడి ఎక్కువైంది, లేదా కింది చక్రం వంపు మీ ముక్క వంపు కంటే మరీ ఎక్కువ. చక్రాల మధ్య రేకు చేత్తో సులువుగా కదిలేంత ఒత్తిడే ఉంచి, బాటలు 1/8 అంగుళం ఎడంలో ఒకదానిమీదికి ఒకటి వచ్చేలా నడపండి. మొత్తం ఒక దిశలో అయ్యాక అడ్డంగా తిప్పి తక్కువ ఒత్తిడితో మరోసారి. ఉబ్బు మరీ ఎక్కువైపోతే మధ్యను వదిలి అంచుల వెంట నడపండి. అంచు సాగితే ఉబ్బు దిగుతుంది. ప్రతి పూటా చక్రాలను స్పిరిట్‌తో తుడవాలి, ఒక్క లోహపు రజను చాలు ముక్కంతా గుంటలు పడటానికి.

నొక్కితే టప్‌మని లోపలికి పోయి, వదిలితే టప్‌మని బయటికి వస్తోంది.

ఆయిల్ క్యానింగ్. మధ్యలో లోహం ఎక్కువైంది, చుట్టూ ఉన్న అంచు దాన్ని పట్టి ఉంచుతోంది. లేదా అంచు బిగుసుకుపోయింది. దాని మీదే సుత్తి దించితే ఇంకా సాగి ఇంకా పెరుగుతుంది. ముందు అంచును కొద్దిగా సాగదీసి చూడండి, ఎక్కువసార్లు అక్కడితోనే పోతుంది. పోకపోతే వదులుగా ఉన్న చోటుకి వీల్‌తో కొంచెం వంపు ఇచ్చేయండి. పూర్తి చదునుగా ఉన్న రేకు ఎప్పుడూ ఇబ్బందే. డిజైన్‌లోనే అడుక్కి పావు అంగుళం ఉబ్బు పెట్టుకుంటే ఈ గొడవ రాదు.

వెల్డింగు గ్యాసా, టిగ్గా (కరెంటు ఆర్కుతో చేసేదా)?

మీకు చేతనైనది. తేడా తర్వాత తెలుస్తుంది. 3003కి 1100 ఫిల్లర్‌తో (అతుకులో కరిగించే తీగతో) వేసిన గ్యాస్ వెల్డు మెత్తగా ఉంటుంది, డాలీ మీద కొట్టి వీల్ మీద నడిపినా పగలదు. టిగ్ వాడినా 1100 ఫిల్లరే పెట్టుకోండి. 4043 బాగా పారుతుంది గానీ ఆ అతుకు గట్టిగా ఉండి సుత్తి కింద పగులు చూపిస్తుంది. 2024ని మాత్రం ఏ పద్ధతిలోనూ వెల్డ్ చేయకండి.

అంచులు ఒకదానికొకటి కాగితం దూరనంతగా ఆనాలి. అంగుళానికొక ట్యాక్ (చుక్క వెల్డు) పెట్టి, ట్యాకులను కొట్టి చదును చేసి, అప్పుడు మధ్య నుంచి బయటికి అతకండి. ఖాళీ ఉంటే కరిగిన లోహం చల్లారేటప్పుడు ముక్కను లాగి ఆకారాన్ని చెడగొడుతుంది. గ్యాస్ వెల్డుకి వాడిన ఫ్లక్స్‌ను వెంటనే వేడి నీళ్ళతో, బ్రష్‌తో రెండు వైపులా కడగాలి. లోపలి వైపు మర్చిపోతే కొన్ని నెలలకు పెయింటు కింద తెల్లటి పొడి కనిపిస్తుంది. ఫ్లక్స్ పసుపు వెలుగుకి మామూలు గ్యాస్ గాగుల్స్ సరిపోవు. ఆ వెలుగునీ ఇన్‌ఫ్రారెడ్‌నీ రెండింటినీ ఆపే అల్యూమినియం గ్యాస్ వెల్డింగ్ లెన్స్ కొనండి.

బిగించడానికి రివెట్లా, స్క్రూలా?

లోపల చూడాల్సింది ఏదైనా ఉంటే స్క్రూలు. గేర్ బోల్టులు, రెక్క బోల్టులు, బ్రేకు గొట్టాలు ఏటా చూడాలి కాబట్టి దాదాపు ప్రతి ఫెయిరింగుకీ స్క్రూలే. 6-32 లేదా 8-32 స్క్రూలు, లోపల నట్‌ప్లేట్లు (రేకు వెనక బిగించి ఉంచే నట్లు). తిన్నని భాగాల్లో 2 నుంచి 3 అంగుళాలకొకటి, గాలి నేరుగా కొట్టే ముందు భాగంలో ఒకటిన్నరకి ఒకటి. రంధ్రం మధ్య నుంచి అంచు దాకా కనీసం స్క్రూ వ్యాసానికి రెండింతలు ఉండాలి. 6-32కి 3/8 అంగుళం పెట్టుకుంటే నిశ్చింత.

హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే స్క్రూ తల 82 డిగ్రీలది, విమానాల్లో వాడేది 100 డిగ్రీలది. 100 డిగ్రీల డింపుల్‌లో (తల కూర్చునేలా రేకును నొక్కి చేసిన గుంటలో) 82 డిగ్రీల తల అడుగున రంధ్రం అంచు మీద మాత్రమే ఆనుతుంది, కొంతకాలానికి అక్కడే పగులుతుంది. 0.032 రేకును కౌంటర్‌సింక్ చేయకండి (తల కూర్చోవడానికి లోహాన్ని తొలచకండి), స్క్రూ తలకి ఆ మందం చాలదు. డింపుల్ చేయండి.

ముందు 40 నంబరు డ్రిల్లుతో చిన్న రంధ్రాలు వేసి, వెండి రంగు క్లెకోలతో (రంధ్రాల్లో పెట్టి ముక్కల్ని తాత్కాలికంగా పట్టించే పిన్నులతో) మధ్య నుంచి అంచులకి పట్టించుకుంటూ పోండి. ఒక కొస నుంచి మొదలుపెడితే రెండో కొసకి చేరేసరికి రేకులో ఉబ్బు పోగవుతుంది. రెండు ముక్కలు కలిసే చోట ముందు ముక్క అంచు వెనక ముక్క మీదికి రావాలి.

కదిలే భాగాల దగ్గర ఏం చూసుకోవాలి?

విమానం నేల మీద దిగేటప్పుడు స్ప్రింగ్ గేర్ కాలు వెనక్కీ పక్కకీ కదులుతుంది. గంట ముక్కను కాలికో ఫ్యూజలేజ్‌కో ఒక్కదానికే బిగించాలి. రెండో వైపు పావు అంగుళం ఖాళీ వదలండి. రెండింటికీ బిగిస్తే కొన్ని ల్యాండింగుల్లోనే స్క్రూ రంధ్రాలు కోలగా సాగిపోతాయి.

కాలి తొడుగు వెనక అంచు గాలి దిశకి వంకరగా ఉంటే అది చిన్న రెక్కలా పనిచేసి విమానాన్ని ఒక పక్కకి లాగుతుంది. దాన్ని సరిచూసేటప్పుడు చక్రాల మీద బరువు ఉండకూడదు. విమానాన్ని జాకీల మీద లేపి, ఫ్యూజలేజ్ మధ్యగీతకి సమాంతరంగా దారం లాగి చూడండి.

తోక ఫెయిరింగు బిగించాక ఎలివేటర్, రడ్డర్ (తోకలో కదిలే అడ్డ, నిలువు పలకలు) రెండింటినీ కలిపి నాలుగు మూలలకూ చివరిదాకా తిప్పాలి. ఒక్కొక్కటిగా తిప్పితే తగలని చోట రెండూ కలిస్తే తగులుతుంది. 3/16 అంగుళం కంటే తక్కువ ఖాళీ ఉంటే ఫెయిరింగు కోయండి.

చిన్న చిన్న గుంటలను పుట్టీతో నింపేయొచ్చా?

గోటికి తగిలీ తగలనంత లోతైతే ఎపాక్సీలో మైక్రోబెలూన్లు (సన్నటి బోలు గోళాల పొడి) కలిపి పూయొచ్చు. కార్లకు వాడే పాలియెస్టర్ పుట్టీ బరువు, పైగా వంగే పలచటి రేకు మీద పెళుసెక్కి ఊడుతుంది. 1/16 అంగుళం మించిన గుంటకి పుట్టీ కాదు, మళ్ళీ డాలీయే.

పెయింటుకి ముందు?

పెన్సిల్ గీతలు ఉంటే తుడిచేయండి, గ్రాఫైట్ ఉన్న చోట తుప్పు పడుతుంది. అసలు మార్కరే వాడాలి. ఇనుప పీచుతో రుద్దకండి, దాని ముక్కలు రేకులో గుచ్చుకుని అదే పని చేస్తాయి. స్కాచ్‌బ్రైట్ వాడండి. లోపలి వైపు ఎపాక్సీ ప్రైమర్ తప్పనిసరి. అంచు ఫ్యూజలేజ్ మీద ఆనే చోట ఫ్యూజలేజ్‌కి యూహెచ్‌ఎమ్‌డబ్ల్యూ (అరగని, జారే ప్లాస్టిక్) టేపు అంటించండి, లేకపోతే అదురుకి ఫెయిరింగు అంచు కింద రేకును కోసుకుంటూ పోతుంది. అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట 3/16 అంగుళం రంధ్రం వేయండి. నీళ్ళు ఎక్కడి నుంచైనా చేరతాయి.

లాగ్‌లో రాయాలా?

కట్టే దశలో ఉంటే ఫొటోలు, తేదీలు ఉంచుకోండి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ అమెచ్యూర్-బిల్ట్ నిబంధన 21.191(జి) ప్రకారం విమానంలో ఎక్కువ భాగం మీ చేతులతో, నేర్చుకోవడానికో సరదాకో చేసిందని చూపించాలి. చేత్తో మలచిన ఫెయిరింగులు దానికి మంచి సాక్ష్యం. ఎగురుతున్న విమానానికి కొత్తగా బిగిస్తే బరువు, బ్యాలెన్సు లెక్క సరిచేసి లాగ్‌లో రాయండి. ఆ మార్పు పెద్దదో చిన్నదో మీ విమానానికి ఇచ్చిన ఆపరేటింగ్ లిమిటేషన్లు (ఎగిరే షరతుల పత్రం) చదివి తేల్చుకోండి.

మొదటి కొన్ని గంటలు ఎగిరాక ఏం చూడాలి?

స్క్రూ తలల చుట్టూ నల్లటి మసి కనిపిస్తే ఆ రేకు అక్కడ కదులుతోందని అర్థం. వెల్డు చివర్లను, ముక్కు దగ్గరి బయటి అంచును భూతద్దంతో చూడండి. పగులు కనిపిస్తే దాని కొసలో 40 నంబరు రంధ్రం వేసి ఆపవచ్చు. అది తాత్కాలికమే. అక్కడ రేకు ఎందుకు కదిలిందో పట్టుకుని, స్క్రూల మధ్య ఎడం తగ్గించాలి, లేదా అంచుని చిన్నగా మడిచి గట్టిపరచాలి.